చిన్న ట్రాక్టరుకు ముందు లోడరు : బిగించడం, వాడడం, విప్పడం



మల్బరీ తోటకు నీటి వసతి ఉన్నచోట ఎకరాకు ఏడాదికి 8 టన్నుల పశువుల ఎరువు వేయాలని శాఖ సిఫారసు చేస్తున్నది. ఇంత ఎరువును తట్టలతో ఎత్తి బండికి నింపడానికి కూలీలు దొరకడం కష్టమయింది. అందుకే చాలామంది రైతులు చిన్న ట్రాక్టరు ముందు భాగానికి లోడరు బిగించి వాడుకుంటున్నారు. సరిగా వాడితే ఇది మంచి పనిముట్టు. తొందరపడితే కాలో చెయ్యో పోతుంది. శుభ్రత పాటించకపోతే పట్టు పంటే పోతుంది. ఈ రెండు నష్టాలూ రాకుండా పాటించవలసిన పద్ధతులను కింద వివరిస్తున్నాము.

1. లోడరు ఎక్కడ పనికివస్తుంది, ఎక్కడ పనికిరాదు

ఎరువు దిబ్బ నుండి ట్రాలీకి ఎత్తడానికి, కంపోస్టు గుంట నింపడానికి, తిరగవేయడానికి, పురుగుల మేత తరువాత మిగిలిన కొమ్మలను, పెంటికలను గుంటకు చేర్చడానికి, దారి చదును చేయడానికి లోడరు అనుకూలం.

మల్బరీ సాళ్ళ మధ్యకు మాత్రం లోడరుతో పోవద్దు. జంట సాళ్ళ పద్ధతిలో నాటిన తోటలో వెడల్పు సందు 5 అడుగులే ఉంటుంది. లోడరు ఉన్న ట్రాక్టరు పొడవు పెరుగుతుంది గనుక సాలు చివర మలుపు తిరగదు, మొదళ్ళను గీరుతుంది. ముందు చక్రాల మీద బరువు ఎక్కువై తడి నేల గట్టిపడుతుంది. కాబట్టి సేద్యానికి, రోటవేటరు పనికి లోడరును విప్పి పెట్టాలి. విప్పడం కష్టమని అలాగే వదిలేస్తే ముందు ఇరుసు, టైర్లు త్వరగా అరిగిపోతాయి.

2. బకెట్టులో ఎంత బరువు?

బకెట్టు నిండిందా లేదా అని కాదు, ఏమి నిండింది అని చూడాలి. మీ బకెట్టులో 0.2 ఘనపు మీటరు పడుతుందని అనుకోండి. తడి ఎరువు నింపితే సుమారు 150 కిలోలు. అదే బకెట్టులో తడి ఇసుక నింపితే సుమారు 360 కిలోలు. బకెట్టు ఒకటే, బరువు రెండింతలు దాటింది. మీ లోడరు ఎంత ఎత్తగలదో యజమాని పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ అంకెలో బకెట్టు సొంత బరువు కలిసి ఉందో లేదో కూడా అమ్మినవారిని అడిగి తెలుసుకోండి.

ఎకరాకు కావలసిన 8 టన్నుల ఎరువుకు 150 కిలోల చొప్పున 53 బకెట్లు అవుతాయి. అది ఒక పూట పనే. కనుక ఒక్కొక్క బకెట్టులో పొర్లిపోయేలా నింపవలసిన అవసరం లేదు.

ముందు బరువు ఎత్తినప్పుడు వెనుక చక్రాలు తేలికవుతాయి, బ్రేకు పట్టదు. అందుచేత ట్రాక్టరు వెనుక మూడు కొక్కేల దగ్గర బరువు పెట్టె గాని, బరువైన పనిముట్టు గాని తప్పక తగిలించాలి.

3. బకెట్టు మార్చే పద్ధతి

బకెట్టు తీసి ఫోర్కు గాని మరొక పనిముట్టు గాని తగిలించేటప్పుడు ఈ వరుస పాటించండి.

(అ) గట్టి, చదునైన నేలపై నిలపండి. బకెట్టును నేలకు పూర్తిగా ఆనించండి.
(ఆ) ఇంజను ఆపి, చేతి బ్రేకు వేసి, తాళంచెవి మీ జేబులో పెట్టుకోండి.
(ఇ) చీలల రకమైతే తాళపు పిన్నులు తీసి, చీలలను సుత్తితో నెమ్మదిగా తట్టి తీయండి. మీటల రకమైతే రెండు వైపుల మీటలనూ పైకెత్తండి.
(ఈ) తిరిగి ఎక్కి, ఇంజను నడిపి, చేతులను వంచి మెల్లగా వెనక్కు రండి.
(ఉ) కొత్త పనిముట్టుకు తిన్నగా ఎదురు వెళ్ళి తగిలించండి. మళ్ళీ ఇంజను ఆపిన తరువాతనే దిగి చీలలు వేయండి.

రంధ్రాలు ఒకదానికొకటి ఎదురుగా వచ్చాయా అని వేలు పెట్టి చూడవద్దు. చేతులు ఒక్క అంగుళం కదిలినా వేలు తెగిపోతుంది. సన్నని ఇనుప కడ్డీ పెట్టి చూడండి.

తగిలించిన తరువాత పనిముట్టు ముందు అంచును నేలకు వంచి కొద్దిగా నొక్కండి. తాళం సరిగా పడకపోతే అక్కడే ఊడుతుంది. గాలిలో ఊడడం కంటే నేలమీద ఊడడం మేలు.

4. లోడరు మొత్తం విప్పే పద్ధతి

కంపెనీని బట్టి కొద్ది తేడాలు ఉంటాయి. మీ ట్రాక్టరు పుస్తకంలో ఉన్న వరుసే మీకు ప్రమాణం. సాధారణంగా వరుస ఇలా ఉంటుంది.

(అ) విప్పేచోటే తిరిగి బిగించాలి గనుక నీడ, గట్టి నేల ఉన్నచోటు ఎంచుకోండి. మెత్తని నేలైతే కాళ్ళ కింద చెక్కలు వేయండి.
(ఆ) బకెట్టు తగిలి ఉండగానే విప్పాలి. బకెట్టు లేకుండా లోడరు నిలవదు, పక్కకు ఒరుగుతుంది.
(ఇ) ఇంజను ఆపి, లోడరు నిలబడే కాళ్ళను దింపి చీలలు వేయండి.
(ఈ) ట్రాక్టరు చట్రానికి లోడరును పట్టి ఉంచే రెండు పెద్ద చీలలను తీయండి. బిగువుగా ఉంటే సుత్తితో బాదవద్దు. ఇంజను నడిపి లీవరుతో బకెట్టును కొద్దిగా కదిపితే బరువు సడలి, చీల చేతికి వస్తుంది. ఈ పనిలో చీల దగ్గర మరొక మనిషిని నిలబెట్టవద్దు. కదిపినవారే ఇంజను ఆపి దిగి తీయాలి.
(ఉ) చీలలు తీశాక లీవరుతో స్తంభాలను ట్రాక్టరు పట్టీల నుండి పైకి లేపి, ఇంజను ఆపండి.
(ఊ) ఇంజను ఆగి ఉండగా లోడరు లీవరును నాలుగు వైపులా రెండు మూడుసార్లు తిప్పండి. గొట్టాలలోని నూనె ఒత్తిడి తగ్గుతుంది.
(ఋ) నూనె గొట్టాలను విప్పి, మూతలు పెట్టి, లోడరుపైన చుట్టి ఉంచండి. ఏ గొట్టం ఎక్కడిదో రంగు టేపుతో గుర్తు పెట్టుకోండి.
(ౠ) మెల్లగా, తిన్నగా వెనక్కు రండి.

ఒత్తిడి తీయకుండా విప్పిన గొట్టాలు ఎండకు కాగితే లోపలి నూనె వ్యాకోచించి, మరునాడు ఎంత నొక్కినా తగులుకోవు. లీవరు తిప్పడం మరవవద్దన్నది, నీడలో పెట్టమన్నది ఇందుకే.

తిరిగి బిగించేటప్పుడు స్తంభాల మధ్యకు తిన్నగా వచ్చి, ఇంజను ఆపి, ముందు గొట్టాలు తగిలించాలి. తరువాత ఇంజను నడిపి, లీవరుతో స్తంభాలను పట్టీలలో కూర్చోబెట్టాలి. మళ్ళీ ఇంజను ఆపి పెద్ద చీలలు, వాటి తాళాలు వేయాలి. చివరగా కాళ్ళను మడవాలి. గొట్టాలు అటుఇటు మారితే లీవరు ఒకవైపు తిప్పితే బకెట్టు మరొకవైపు కదులుతుంది. కాబట్టి మొదటిసారి ఖాళీ బకెట్టుతో మెల్లగా కదిపి చూడండి.

5. ప్రాణానికి ముప్పు తెచ్చే పనులు

నూనె కారుతున్న గొట్టాన్ని చేత్తో తడమవద్దు. సూది మొనంత రంధ్రం నుండి వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. గాయం చిన్నదిగా కనిపించినా ఆలస్యం చేయకుండా పెద్ద ఆసుపత్రికి పోవాలి, నూనె పోయిందని డాక్టరుకు చెప్పాలి. కారే చోటు తెలియాలంటే అట్టముక్క అడ్డుపెట్టి చూడండి.

నిండిన బకెట్టును నేల నుండి ఒక అడుగు ఎత్తులో ఉంచి నడపండి. ఎత్తి పట్టుకొని మలుపు తిప్పితే ట్రాక్టరు బోల్తాపడుతుంది. మిట్ట ఎక్కేటప్పుడు బరువు ఎగువవైపు ఉండాలి. దిగేటప్పుడు వెనక్కు నడుపుతూ దిగాలి. వాలుకు అడ్డంగా పోవద్దు.

ఎత్తిన బకెట్టు కింద ఎవరూ నిలబడరాదు. షెడ్డు కప్పు బాగుచేయడానికి మనిషిని బకెట్టులో ఎక్కించవద్దు. పిల్లలను ఊయల వలె ఎక్కించే అలవాటును పెద్దలే మాన్పించాలి. షెడ్డుకు వచ్చే కరెంటు తీగ ఎంత ఎత్తులో ఉందో ముందే చూసుకోండి.

6. బకెట్టు ద్వారా రోగం

పట్టు రైతు తక్కిన రైతులకంటే మరొక జాగ్రత్త పడాలి. గ్రాసరీ అనే పాలరోగం, మస్కార్డిన్ అనే సున్నకట్టు రోగం తగిలిన పురుగుల నుండి రోగక్రిములు పెంటికలలో, మిగిలిన ఆకులో చేరుతాయి. పాలరోగపు క్రిమి మట్టిలో నెలల తరబడి బ్రతికి ఉండగలదు. ఆ చెత్త ఎత్తిన బకెట్టును అలాగే షెడ్డు గుమ్మం ముందుకు తెస్తే, రోగాన్ని మన చేతులతో మనమే ఇంటికి తెచ్చుకున్నట్లు. ఎంత మంచి గుడ్లు తెచ్చినా, ఎంత మంచి ఆకు వేసినా అప్పుడు ఫలితం ఉండదు.

అందువల్ల :

— మల్బరీ ఆకు, కొమ్మలు, చంద్రికలు, పట్టుగూళ్ళు లోడరు బకెట్టులో మోయవద్దు.
— కంపోస్టు గుంట షెడ్డుకు దూరంగా ఉండాలి. చచ్చిన పురుగులను విడిగా ఏరి, సున్నం చల్లి పాతిపెట్టండి.
— షెడ్డు చెత్తను పచ్చిగా తోటకు వేయవద్దు. గుంటలో బాగా మాగిన తరువాతనే వేయండి.
— చెత్త పని ముగియగానే బకెట్టును, టైర్లను మట్టి పోయేలా కడగండి. తరువాత 100 లీటర్ల నీటిలో 2 కిలోల బ్లీచింగు పొడి, 300 గ్రాముల ఆర్పిన సున్నం కలిపిన ద్రావణంతో బకెట్టును తడపండి. అరగంట తడిగా ఉంచండి.
— బ్లీచింగు ఇనుమును తినేస్తుంది. కాబట్టి అరగంట తరువాత మంచినీటితో కడిగి, ఆరబెట్టి, చీలలకు గ్రీజు పెట్టండి. పిస్టను కడ్డీలపై, రబ్బరు గొట్టాలపై ద్రావణం పడనీయవద్దు.

అద్దె లోడరు తెప్పించుకునే రైతులు మరింత జాగ్రత్తగా ఉండాలి. నిన్న ఎవరి షెడ్డు చెత్త ఎత్తిందో మనకు తెలియదు. పొలం గట్టు దగ్గరే ఆపి, కడిగించి, ద్రావణంతో తడిపించిన తరువాతనే లోపలికి రానివ్వండి. నాలుగో జ్వరం దాటి పురుగులు మేత మీద ఉన్న రోజులలో అయితే అద్దె యంత్రాన్ని షెడ్డు చాయలకే రానివ్వవద్దు. ఎరువు పనిని పంటకు పంటకు మధ్య ఖాళీ రోజులలో పెట్టుకోండి.

గుర్తుంచుకోండి : దిగే ముందు ఇంజను ఆపాలి. విప్పే ముందు ఒత్తిడి తీయాలి. షెడ్డు వైపు తిరిగే ముందు బకెట్టు కడగాలి.

మీ పంటలో రోగ లక్షణాలు కనిపిస్తే వెంటనే దగ్గరలోని పట్టు పరిశ్రమ శాఖ సాంకేతిక సిబ్బందిని సంప్రదించండి.