కంప్యూటరు చౌకైతే కంపెనీ షేరు ఏమవుతుంది?

మొన్న ద్వితీయ సంవత్సరం బి.కాం. క్లాసులో నగదు ప్రవాహ పట్టిక పాఠం చెబుతుండగా వెనక బెంచీ నుంచి ఒక విద్యార్థి లేచాడు. "కంప్యూటర్ల ధర ఏటికేడూ తగ్గిపోతంది గదా సార్, మరి ఆ కంపెనీల షేరు ధర ఎలాగ పెరుగుతాది?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ప్రశ్న సరైనదే. తర్వాత తెలిసిందేమిటంటే, ఇంట్లో పరీక్ష ఫీజుకని ఇచ్చిన డబ్బుతో అతను సెల్‌ఫోనులోనే ఒక కంప్యూటర్ కంపెనీ షేర్లు కొన్నాడట. అంతలో గంట కొట్టేశారు కనుక జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ముందు ధర ఎందుకు తగ్గుతుందో చూద్దాం. ఒక చిప్పులో పట్టే భాగాల సంఖ్య ఏటా రెట్టింపవుతోందని 1965లో గోర్డన్ మూర్ అనే శాస్త్రజ్ఞుడు గమనించాడు. 1975లో దాన్ని రెండేళ్ళకొకసారి అని సవరించాడు. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 చిప్పులో 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. ఇవాళ మన జేబులోని ఫోను చిప్పులో అవి వందల కోట్లు. చిప్పు ఖరీదు మాత్రం ఆ లెక్కన పెరగలేదు. అంచేత అదే పని చెయ్యడానికయ్యే ఖర్చు పడిపోతూ వచ్చింది.

అయితే ఆ మిగిలిన డబ్బు ఎవరి చేతికి పోయింది? అసలు సంగతి ఇక్కడుంది. డీటీపీ సెంటర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో మన నరసన్నపేట బజారులో అప్పు చేసి కంప్యూటరు కొన్నాయన్ని నేనెరుగుదును. రెండేళ్ళు తిరక్కుండానే పక్క వీధిలో ఇంకొకాయన అంతకన్నా మంచిది, తక్కువ ధరకు తెచ్చి పెట్టాడు. శుభలేఖ రేటు ఇద్దరూ తగ్గించుకోక తప్పలేదు. బాగుపడింది పెళ్ళివారు! యంత్రం చౌకగా దొరికినా, అది అందరికీ అంతే చౌకగా దొరికితే లాభం కొనేవాడికి పోతుంది.

పెద్ద కంపెనీలదీ ఇదే కథ. 1981 ఆగస్టులో 1,565 డాలర్ల ప్రారంభ ధరతో పర్సనల్ కంప్యూటరును బజారులో పెట్టిన ఐ.బి.ఎం., 2004 డిసెంబరులో ఆ వ్యాపారాన్నే చైనాకు చెందిన లెనోవోకు అమ్ముతున్నట్లు ప్రకటించింది. అలాంటి పెట్టె ఎవరైనా చెయ్యగలిగారు కనుక పోటీలో లాభం కరిగిపోయింది. లోపలి చిప్పు అమ్మిన ఇంటెల్, నడిపే సాఫ్ట్‌వేరు అమ్మిన మైక్రోసాఫ్ట్ ఆ ఏళ్ళలో బాగా గడించాయి. ఆ రెండు వస్తువులకూ బదులు దొరకడం కష్టం. కాబట్టి షేరు కొనేముందు కంపెనీ ఏ వస్తువు చేస్తోందని అడిగి ఊరుకోకూడదు, అదే వస్తువు ఇంకెందరు చెయ్యగలరని కూడా అడగాలి.

మన హైదరాబాదు కంపెనీల్లో చాలావాటి సరుకు పెట్టె కాదు, మనిషి పని. కంప్యూటరు చౌకైతే వాటికి ఖర్చు తగ్గుతుంది, దాన్ని వాడేవారు పెరిగి పనీ పెరుగుతుంది. వాటి ప్రధానమైన ఖర్చు జీతాలు. ఇంతవరకూ అబ్బాయి సందేహం తీరినట్టే. కాని అంకెలు బాగున్నంత మాత్రాన సరిపోతుందా? దీనికి అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో జరిగినదానికన్నా పెద్ద పాఠం లేదు.

సత్యం కంప్యూటర్స్ 1987లో హైదరాబాదులో పుట్టింది. 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజికి ఎక్కింది. 2008 సెప్టెంబరులో మంచి కంపెనీ పాలనకుగాను గోల్డెన్ పీకాక్ బహుమతి కూడా అందుకుంది. (బహుమతులను చూసి షేర్లు కొనేవారు ఈ వాక్యం రెండుసార్లు చదువుకోవాలి.) 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు తానే ఉత్తరం రాసి ఒప్పుకున్నారు. 2008 సెప్టెంబరు 30 నాటి పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలు. అందులో 5,040 కోట్లు లేనే లేవు! ఆ మూడు నెలల రాబడి 2,700 కోట్లు, నిర్వహణ లాభం 649 కోట్లు అని చూపారు. నిజంగా రాబడి 2,112 కోట్లు, లాభం 61 కోట్లు. అంటే నూటికి 24 అని చూపిన లాభం నూటికి మూడు. ఒక్క రోజులో షేరు సుమారు 179 రూపాయల నుంచి 40 రూపాయలకు పడిపోయింది.

మనం క్లాసులో ధరను ఒక్కో షేరుకు వచ్చే లాభంతో భాగించి, వచ్చిన అంకె చిన్నదైతే షేరు చౌక అంటాం. భాగించే లాభమే అబద్ధమైతే ఆ లెక్కంతా ఏట్లో కలిసినట్టే.

బయటివాడికి తెలిసే దారే లేదా అంటే, కొన్ని జాడలు ఉన్నాయి. 2001లో నూటికి సుమారు 25 వంతులున్న యజమానుల వాటా 2008 మార్చి నాటికి తొమ్మిదికి లోపే. ఇంత లాభాల కంపెనీని సొంతదారులే ఎందుకు వదులుకుంటున్నారు? మళ్ళీ 2008 డిసెంబరు 16న, కుటుంబానికే చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనాలని బోర్డు తీర్మానించింది. (ఇంగ్లీషు అక్షరాల్లో సత్యంను తిరగేస్తే వచ్చేదే మేటాస్.) సాఫ్ట్‌వేరు చేసేవారికి స్థలాలూ రోడ్లూ ఎందుకని మదుపుదారులు మండిపడితే గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. ఆ కొనుగోలు లేని డబ్బును కప్పిపుచ్చడానికి చేసిన ఆఖరి ప్రయత్నమని తర్వాత ఉత్తరంలో తేలింది.

2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల చొప్పున పాడి ఆ కంపెనీని దక్కించుకుంది. వేలాది ఉద్యోగులకు నీడ మిగిలింది. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చింది. వారు అప్పీలుకు వెళ్ళారు.

నగదు పట్టిక కూడా అబద్ధం చెప్పగలదని సత్యం చూపించింది. అయినా దాన్ని లాభనష్టాల ఖాతా పక్కన పెట్టి, లాభంలో ఎంత నిజంగా చేతికొచ్చిందో అయిదేళ్ళకు చూడండి. నిల్వ అంత ఉంటే వడ్డీ ఎంత రావాలో వేసుకోండి. యజమానుల వాటా, అందులో తాకట్టు పెట్టింది ఎంతో చూడండి. పెద్ద మొత్తం ఇంటివాళ్ళ కంపెనీకి పోతుంటే ఆగండి. ఇదంతా వార్షిక నివేదికల్లోనూ, స్టాక్ ఎక్స్ఛేంజికి కంపెనీ ఇచ్చే వివరాల్లోనూ ఉంటుంది, కాణీ ఖర్చు లేదు.

ఇది రాస్తుండగా ఆ విద్యార్థి స్టాఫ్ రూముకు వచ్చాడు. సగం షేర్లు అమ్మి ఫీజు కట్టేశాడట. మిగతా సగం ఎందుకు ఉంచావన్నాను. "నగదు పట్టిక చూసేను సార్" అన్నాడు. ఏ పేజీలో ఉందని అడిగితే పేజీ నంబరు కూడా చెప్పాడు.