గుండెపోటు: గడియల విలువ

హృదయము పిడికిలియంత కండరపు సంచి. దేహమంతటికి రక్తమును పంపు నీ యవయవమునకును రక్తము కావలయును గదా! దానిని గొనివచ్చు నాళములలో ఏండ్ల తరబడి క్రొవ్వు పేరుకొనును. ఆ క్రొవ్వుపొర యొకనాడు చిట్లినచో నచట రక్తము గడ్డకట్టి దారి మూసివేయును. అంతట కండరము చావనారంభించును. ఇదియే గుండెపోటు.

నాళము మూసికొనిన వారందరును తత్క్షణమే మరణింపరని 1912వ సంవత్సరమున షికాగో వైద్యుడు జేమ్సు హెరిక్కు తెలిపెను. కాని నాటి చికిత్స వారముల తరబడి కదలక పరుండుటయే. ఆసుపత్రి చేరినవారిలోనే ఇంచుమించు ముగ్గురిలో నొకరు మరణించుచుండిరి.

మార్పు రెండు మెట్లుగా వచ్చెను. 1960వ సంవత్సరమున, ఆగిన గుండెను రొమ్ముపై చేతులతో నొక్కి నిలుపు పద్ధతి ప్రకటింపబడెను. పిమ్మట, లయ తప్పిన గుండెను విద్యుత్తుచే సరిచేయు ప్రత్యేక వార్డులు వెలసెను. దీనిచే మరణములు సుమారు సగమునకు తగ్గెను. అయినను కండరపు నష్టము తగ్గలేదు; బ్రదికినవారు దుర్బల హృదయముతోనే బ్రదికిరి.

రెండవ మెట్టు దారిని మరల తెరచుట. కండరమంతయు నొక్కమారుగా చావదనియు, లోపలి పొరనుండి వెలుపలికి చావు కొన్ని గంటలలో ప్రాకుననియు 1977లో జంతుపరిశోధనలవలన తేలెను. 1986లో ఇటలీయందు దాదాపు 11,700 మంది రోగులపై గడ్డను కరిగించు స్ట్రెప్టోకైనేసు పరీక్షింపబడెను. నొప్పి పుట్టిన గంటలోపల మందు పొందినవారిలో మరణములు దాదాపు సగము తగ్గెను. 1988లో మరియొక పరీక్షయందు, ఆ మందుతో ఆస్పిరిను చేర్చగా, అయిదు వారములలోని మరణములు నూటికి 13 నుండి 8కి దిగెను. 1977లో జ్యూరిచ్‌లో గ్రూంట్‌జిగ్ తొలిసారి ప్రయోగించిన బెలూను, తరువాత వచ్చిన స్టెంటు నేడు నాళమును నేరుగా తెరచుచున్నవి.

విద్యార్థులారా, దీని సారాంశమేమి? చచ్చిన కండరము మరల మొలవదు. చావనున్న దానిని మాత్రమే వైద్యుడు కాపాడగలడు. ఇంటనొక పెద్దకు రొమ్ము బిగిసి, చెమటపోసి, నొప్పి యెడమచేతికో దవడకో ప్రాకినచో, "గ్యాసు, తెల్లవారిన తగ్గును" అని కూర్చుండరాదు. స్త్రీలలోను మధుమేహరోగులలోను నొప్పి లేక ఆయాసమే కనబడవచ్చును. వెంటనే 108కి తెలుపుడు. ఎంత గొప్ప చికిత్సయైనను వాకిట వేచియుండదు. దానికడకు రోగిని సకాలమున చేర్చుట ఇంటివారి పని.