పాదానికి రక్తం చేరే దారి



గుండె బొమ్మ గీసి భాగాలు గుర్తించడం మనందరికీ వచ్చు. ఆ గుండె నుండి అన్నిటికంటే దూరాన ఉన్న పాదానికి రక్తం ఎలా చేరుతుందో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

బృహద్ధమని బొడ్డు దగ్గరి ఎత్తులో రెండుగా చీలి కాళ్లకు వెళుతుంది. తొడ గుండా దిగి మోకాలి వెనుక గుంటకు చేరిన ధమని, ఆ కింద మూడు శాఖలవుతుంది. వీటిలో పాదానికి ముఖ్యమైనవి రెండు.

1. ముందు ధమని: చీలమండ ముందు నుండి పాదం పైభాగానికి వస్తుంది.

2. వెనుక ధమని: చీలమండ లోపలివైపు ఎముక వెనుక నుండి అరికాలిలోకి పోయి రెండు పాయలవుతుంది. బయటి పాయ అరికాలిలో విల్లులా వంగుతుంది.

ముందు ధమని శాఖ ఒకటి బొటనవేలు, రెండో వేలు ఎముకల సందులోంచి దిగి ఈ విల్లును కలుస్తుంది. వేళ్లకు రక్తం ఎక్కువగా ఇక్కడి నుండే అందుతుంది. రెండు కాలువల నీరు పారే చేను లాంటిది మన పాదం. ఒకదానికి అడ్డుపడినా రెండోది కొంత ఆదుకుంటుంది.

బొటనవేలు పైకెత్తితే పాదం మీద ఒక నరంలాంటి తాడు లేస్తుంది. అది స్నాయువు. దాని పక్కనే, చిటికెనవేలి వైపు, పాదం మధ్యలో రెండు వేళ్లు మెల్లగా ఆనించండి. నాడి తెలుస్తుంది. ఆరోగ్యవంతుల్లోనూ కొందరికి ఇక్కడ దొరకదు. అప్పుడు లోపలి చీలమండ వెనుక చూడాలి.

చెడు రక్తం సిరల ద్వారా పైకెక్కాలి. నడిచేటప్పుడు పిక్క కండరాలు దాన్ని పైకి నెడతాయి, కవాటాలు కిందికి జారనివ్వవు. 1628లో విలియం హార్వే రక్తప్రసరణను వివరించినప్పుడు ఈ కవాటాలు ఆయనకు ముఖ్య ఆధారమయ్యాయి.

ఇదంతా పరీక్షల కోసమే కాదు. షుగర్ వ్యాధి చాలాకాలం ఉంటే పాదంలో స్పర్శ తగ్గుతుంది, ధమనులు సన్నబడతాయి. ముల్లు గుచ్చుకున్నా తెలియదు, రక్తం చాలక పుండు మానదు. ముదిరితే వేలో, కాలో తీసేయవలసి వస్తుంది. బీడీ, చుట్ట, సిగరెట్టు కూడా ఈ ధమనులను పాడుచేస్తాయి.

మన తల్లిదండ్రుల్లో చాలామంది చెప్పులు లేకుండానే పొలం పనికి పోతారు. "అదే మానుతుందిలే" అని పుండు మీద ఇంత పసుపు పెట్టి ఊరుకుంటారు. కాబట్టి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు వారి అరికాళ్లు, వేళ్ల సందులు చూడండి. పాదం చల్లబడినా, రంగు మారినా, పుండు మానకపోయినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకెళ్లి షుగర్ పరీక్ష చేయించండి. మనం చదివిన చదువు ముందుగా మన ఇంటివాళ్ల కాళ్లను కాపాడాలి.