పుస్తకంతో సర్వర్ జావా

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి, మెట్టుగూడ)

మెట్టుగూడలో మెట్రో ఎక్కితే బండి మారకుండా అమీర్‌పేటలో దిగవచ్చు. మా గది మిత్రులు జావా కోర్సుకు అట్లాగే పోతారు. ఫీజు కట్టే స్తోమత లేక నేను ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత సర్వ్‌లెట్ పుస్తకం ఒకటి కొన్నాను. సొంతంగా నేర్చుకోదలచిన వారికి పనికివస్తుందని ఆ అనుభవం రాస్తున్నాను.

ముందు సంగతి ఏమిటో చూద్దాం. బ్రౌజర్‌లో చిరునామా కొట్టగానే ఒక అభ్యర్థన సర్వర్‌కు పోతుంది. అక్కడ టామ్‌క్యాట్ వంటి కంటైనర్ దానిని అందుకుని తగిన సర్వ్‌లెట్‌కు అప్పగిస్తుంది. సర్వ్‌లెట్ అనగా సర్వర్‌లో ఉండి జవాబు తయారుచేసే జావా క్లాసు. మామూలుగా పేజీ అడిగితే డూగెట్, ఫారం నింపి పంపితే డూపోస్ట్ అనే మెథడ్ నడుస్తుంది.

మొదటి చిక్కు మొదటి ప్రోగ్రాములోనే వచ్చింది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కొట్టినా 'జావాఎక్స్ డాట్ సర్వ్‌లెట్' అనే ప్యాకేజీ లేదని కంపైలర్ మొరాయించింది. మూడు రోజులు నా తప్పే అనుకున్నాను. అసలు కారణం వేరు. 2020లో వచ్చిన జకార్తా ఈఈ 9తో ఆ ప్యాకేజీ పేరు 'జకార్తా డాట్ సర్వ్‌లెట్'గా మారింది. టామ్‌క్యాట్ 10 నుంచి కొత్త పేరే చెల్లుతుంది. టామ్‌క్యాట్ 9 వేసుకుంటే పాత పేరుతోనే నడుస్తుంది. అట్లాగని జావాఎక్స్ కనబడిన చోటల్లా మార్చకూడదు. 'జావాఎక్స్ డాట్ ఎస్‌క్యూఎల్' మూల జావాలోని భాగం, దాని పేరు మారలేదు.

రెండవ చిక్కు ఇంకా పెద్దది, ఎందుకంటే ఇందులో కంపైలర్ ఏ తప్పూ చూపదు. ఫారంలో వచ్చిన పేరును నేను క్లాసు స్థాయి వేరియబుల్‌లో దాచాను. ఒక్కడినే నడిపినంతసేపూ బాగానే ఉంది. ఒకసారి పేరు దాచిన తర్వాత పది సెకన్లు ఆగేటట్టు రాసి, రెండు బ్రౌజర్లలో రెండు పేర్లు వెంటవెంటనే పంపాను. రెండింటిలోనూ రెండవ పేరే వచ్చింది!

ఆ రాత్రి ఫోన్‌లో బాపు అడిగాడు, "ఆ పుస్తకంతోని ఏమొస్తదిరా?" అని.

మాది వరంగల్ వైపు వ్యవసాయ కుటుంబం. అందుకని యార్డు లెక్కలోనే చెప్పాను. "బాపూ, యార్డుల గుమాస్తా ఒక్కడే, రైతులు వందమంది. అందరి తూకం ఒక్క పలక మీదనే రాస్తే ఎట్లుంటది?"

"నా పత్తి ఇంకొకని లెక్కల పడుతది. అందుకేగదరా ఎవని తక్‌పట్టీ వానికి ఇచ్చేది!"

పుస్తకం చెప్పిందీ అదే. మామూలుగా ఒక సర్వ్‌లెట్‌కు ఒక్క ఆబ్జెక్టే ఉంటుంది, ఎందరు అడిగినా వేర్వేరు థ్రెడ్లలో అదే పనిచేస్తుంది. క్లాసు స్థాయి వేరియబుల్ అందరి పలక. మెథడ్ లోపలి వేరియబుల్ ఎవరి తక్‌పట్టీ వారిది. ఒక అభ్యర్థన నుంచి మరొకదానికి గుర్తుండవలసిన వివరాన్ని సెషన్‌లో పెట్టాలి. ఎందుకంటే హెచ్‌టీటీపీ తనంతట తాను ఎవరినీ గుర్తుపెట్టుకోదు. సాధారణంగా జేసెషన్ఐడీ అనే కుకీ ద్వారా సర్వర్ మనిషిని పోల్చుకుంటుంది.

ఇది పరీక్షల వరకే పనికివచ్చే సంగతి కాదు. తెలంగాణలో భూమి వివరాలు 2020లో ధరణి, 2025లో భూభారతి పోర్టళ్లకు ఎక్కాయి. రేపు మనలో ఎవరైనా అటువంటి ప్రోగ్రాము రాయవచ్చు. ఒక రైతు సర్వే నంబరు మరొకరి తెర మీద పడితే, అది మనం వేరియబుల్ పెట్టిన చోటు తప్పు కావచ్చు.

మిత్రులారా! పాత పుస్తకమని పక్కన పెట్టకండి. ముందు అది ఏ సంవత్సరానిదో, ఏ వెర్షన్‌కు రాసిందో చూసుకోండి. ప్రతి ప్రోగ్రామూ స్వయంగా కొట్టండి. నడిచింది కదా అని ఊరుకోక, రెండు బ్రౌజర్లలో ఒకేసారి నడిపి చూడండి.