పాత పడవకు కొత్త గది

విజయవాడ నుంచి భవానీ ద్వీపానికి మోటారు పడవలు తిరుగుతాయి.

ఫైబరు పడవను గాజునార, జిగురు కలిపి చేస్తారు. దానికి చెద పట్టదు. కాని లోపల వేసిన చెక్క నీళ్లు తాగుతుంది. కుళ్లి బరువెక్కుతుంది. పాత పడవ గది బాగుచేసేటప్పుడు ముందు ఆ చెక్క తీసెయ్యాలి.

కొత్త గది తేలికగా ఉండాలి. పైకప్పు మీద జనాన్ని ఎక్కించకూడదు. బిందె మీద బిందె ఎత్తుకుంటే ఏమవుతుంది? మనిషి తూలుతుంది. పైన బరువు పెరిగితే పడవా అంతే.

బరువు ఎక్కడున్నా హద్దు మీరకూడదు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో పడవ బోల్తా పడింది. అనుమతి లేని పడవ. హద్దు మించి జనం ఎక్కారు. 20 మందికి పైగా చనిపోయారు.

పడవ ఎక్కేముందు అడగండి: అనుమతి ఉందా? ఎంతమంది ఎక్కవచ్చు? లైఫ్ జాకెట్లు ఉన్నాయా? లేవంటే ఎక్కకండి.