వజ్రపుటుంగరం: వెల, విలువ

కళాశాల వార్షిక సంచికలో వజ్రాన్ని గురించిన వ్యాసమెందుకని కొందరు ప్రశ్నించవచ్చును. మన విద్యార్థినీ విద్యార్థులలో పెక్కుమంది రైతుల, నేతపనివారి, చిరు వ్యాపారుల బిడ్డలు. అయినను ఈ ఇండ్లలోనే పెండ్లికి, మంగ్నీకి ఒక రవ్వల ఉంగరం కొనడం నేడు పరిపాటి అయినది. ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము ఒక సాయంత్రం, అరగంట సేపటిలో, దుకాణపు బల్లమీద ఖర్చయిపోతున్నది. తులం బంగారం కొనవలెనన్న నాలుగు చోట్ల ధర విచారించే మన పెద్దలు, రవ్వ విషయంలో మాత్రం దుకాణదారుని మాటనే ప్రమాణంగా గ్రహిస్తున్నారు.

నా అనుభవమొకటి చెప్పి ముందుకు సాగుతాను. మా నాన్నగారు ఉద్యోగ విరమణ చేసిన సంవత్సరం అమ్మకొక రవ్వల ఉంగరం కొన్నారు. (మా ఇండ్లలో పురుషులు బంగారం ధరించరు; వెండిలో పొదిగిన అఖీఖ్, ఫిరోజాలతోనే వారికి తృప్తి.) కొన్నేండ్ల తరువాత నాన్నగారి కంటి శస్త్రచికిత్సకు డబ్బు అవసరమై, ఆ ఉంగరాన్ని కొన్నచోటికే తీసికొనిపోయినాము. గుమాస్తా దానిని తూచి బంగారపు వెల మాత్రం చెప్పినాడు. "మరి రాళ్ళ సంగతి?" అని అమ్మ అడిగినది. "రాళ్ళకు లెక్క లేదమ్మా" అన్నాడు. భద్రంగా దాచిన చిట్టీ తీసి చూపినాము. దానిలో ఉన్నది ఇంతే: "రవ్వల ఉంగరం ఒకటి", ప్రక్కన మొత్తం సొమ్ము. రాళ్ళెన్ని, వాటి తూకమెంత, రంగెట్టిది, బంగారపు మేలిమి యెంత, ఏమియు లేదు. వాదించుటకు మా చేతిలో ఒక్క అక్షరమైనను లేకపోయినది. అమ్మ ఉంగరాన్ని తిరిగి వేలికి తొడుగుకొని లేచి వచ్చినది. ఆనాడు నాలో కలిగిన ప్రశ్నలే ఈ వ్యాసానికి మూలం.

విచిత్రమేమనగా, వజ్రాన్ని పరీక్షించి కొనే విద్య ప్రపంచానికి ఒకప్పుడు మన ప్రాంతమే నేర్పినది. గోలకొండలో గని లేదు, అది అంగడి. గనులు కృష్ణా తీరాన కొల్లూరు మొదలైన చోట్ల ఉండెడివి. 17వ శతాబ్దిలో ఈ గనులను దర్శించిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియర్, కొల్లూరును ఈ దేశభాషలో "గని" అంటారని తన గ్రంథంలో వ్రాసుకొన్నాడు. మన తెలుగు మాట ఆ విధంగా 1676లో పారిస్‌లో అచ్చయినది. గనుల వద్ద అతడు చూచిన దృశ్యమొకటి మీ ఈడువారికి రుచించును. పది మొదలు పదునారు సంవత్సరాల వర్తకుల పిల్లలు చెట్టు క్రింద కూర్చుండెడివారు. ఒక్కొక్కరివద్ద తూకపు రాళ్ళ సంచి, డబ్బు సంచి. ఎవరైన వజ్రం తెచ్చినచో దానిని వారిలో పెద్దవానికిచ్చెడివారు. అతడు చూచి ప్రక్కవానికందించును. మాటామంతీ లేకుండ అది చేతులన్నియు తిరిగి మరల అతనిని చేరిన తరువాతనే బేరం. ఎక్కువ వెల పెట్టి కొన్నచో ఆ నష్టం అతనిదే. పెద్దల బేరం మరియొక తీరు. కొనువాడు, అమ్మువాడు ఎదురెదురుగా కూర్చుండి, నడుముకు కట్టిన గుడ్డ క్రింద చేతులు కలిపి, వ్రేళ్ళను నొక్కి ధర తెలుపుకొనెడివారు. చేయి మొత్తం పట్టినచో వేయి, ఒక వ్రేలు పట్టినచో నూరు. చుట్టు చేరినవారికి ఏమియు తెలిసెడిది కాదు. నేటి దుకాణాలలో గుడ్డ లేదు గాని, ధర మాత్రం అప్పటివలెనే కనబడదు.

తూకం సంగతి చూతము. క్యారట్టు అను మాట అరబ్బీ "ఖీరాత్" నుండి వచ్చినది; దాని వెనుక గ్రీకు భాషలోని ఒక చెట్టు గింజ పేరున్నది. మన గనుల వద్ద తూకం "మంజాడి" గింజతో జరిగెడిది. టావెర్నియర్ దానినే "మాంజెలిన్" అని వ్రాసినాడు. నేటి క్యారట్టు గ్రాములో అయిదవ వంతు, అనగా 200 మిల్లీగ్రాములు. ఇచ్చట ఒక భ్రాంతి తొలగించవలెను. బంగారానికి క్యారట్టు మేలిమిని తెలుపును, వజ్రానికి తూకాన్ని తెలుపును. మాట ఒకటే, అర్థాలు వేరు. "పదునెనిమిది క్యారట్ల ఉంగరం" అన్నచో బంగారంలో 24 పాళ్ళకు 18 పాళ్ళు మేలిమి యని యర్థం. దానిపై 750 అను ముద్ర ఉండును.

వజ్రపు ధర తూకంతో సమంగా పెరగదు. వరాహమిహిరుని బృహత్సంహితలోనే ఈ విషయమున్నది. తూకం తగ్గుకొలది వెల అంతకన్న వేగంగా పడిపోవునని అతని పట్టిక వలన తెలియును. టావెర్నియర్ సూత్రం మరింత స్పష్టం: తూకాన్ని తూకంతోనే హెచ్చించి, ఒక క్యారట్టు వెలతో గుణించవలెను. ఈ లెక్కన ఒక క్యారట్టు రాయి వెల నాలుగు రూకలైనచో, అర క్యారట్టు రాయి వెల ఒక్క రూక. నేటి అంగడిలో ఈ సూత్రం అచ్చముగా వర్తించదు గాని, పోకడ అదియే. ఇందుండి రెండు సంగతులు తేలును. పది చిన్న రవ్వలు కలిసి ఒక క్యారట్టు తూగే ఉంగరానికి, ఒంటి రాయి ధర చెల్లించరాదు. "మొత్తం ఒక క్యారట్టు" అని దుకాణదారుడన్నప్పుడు "రాళ్ళెన్ని?" అని అడుగవలెను. రెండవది, ఒకటి, అర వంటి నిండు అంకెల వద్ద ధర ఒక్కసారిగా ఎగబ్రాకును. 0.90 క్యారట్ల గుండ్రని రాయికి, ఒక క్యారట్టు రాయికి వెడల్పులో భేదం మూడవవంతు మిల్లీమీటరు కూడ ఉండదు. వేలిమీద దానిని గుర్తించువారు అరుదు. ధరలో భేదం మాత్రం బాగుగా కనబడును.

అయితే విలువ దేనిలో ఉన్నది? సానలో ఉన్నదని నా అభిప్రాయం. మన సిద్దిపేట గొల్లభామ చీరను ఎవరైన నూలు తూచి కొందురా? నెత్తిన కుండతో నడిచే ఆ బొమ్మను మగ్గంమీద పోగు పోగున నిలిపిన చేతిపనికే వెల. వజ్రమును అంతే. కోహినూరును 1852లో లండనులో తిరిగి సానపట్టినారు. దాదాపు 186 క్యారట్ల రాయి 105.6 క్యారట్లకు దిగినది. కాంతి కొరకు అంత తూకాన్ని వారు వదలుకొన్నారు. మన పూర్వపు సానవారు తూకాన్ని కాపాడి కాంతిని కొంత వదలుకొనెడివారు. ఎవరిది ఒప్పన్న చర్చ ఇచ్చట అనవసరం. సామాన్యుని ఉంగరంలో మాత్రం తూకం కొరకు సానను చెడగొట్టిన రాయి మోసమే. అడుగు మరీ లోతుగా ఉన్న రాయి తూకం ఎక్కువ తూగును, పైకి చిన్నదిగా కనబడును, మీద పడిన వెలుగు క్రిందినుండి జారిపోవును. అట్టి రాయి నడుమ నల్లగా, గుడ్డిగా ఉండును. దుకాణంలోని దీపాలు ఏ రాయినైనను మెరిపించును గనుక, వాకిటిలోనికి తెచ్చి పగటి నీడలో చూడవలెను. టావెర్నియర్ కాలంలో ఇచ్చటివారు రాత్రివేళ గోడగూటిలోని దీపానికెదురుగా రాయిని పట్టి "నీరు" చూచెడివారట. నీలిచాయను కనిపెట్టుటకు దట్టమైన ఆకులున్న చెట్టునీడ మేలని కూడ అతడు వ్రాసినాడు.

రంగు, నిర్మలత గురించి హెచ్చుగా వ్రాయ నక్కరలేదు. రంగుకు "డి" మొదలు "జడ్" వరకు అక్షరాల శ్రేణి కలదు. పచ్చని బంగారంలో పొదిగినప్పుడు "డి"కి, "హెచ్"కి భేదం మామూలు కంటికి తెలియదు. మచ్చలు కంటికి కనబడనిచో చాలును. భూతద్దంలో కూడ కనబడని నిర్మలతకు వెల పోయుట ధనవంతుల వేడుక.

ఇక ప్రయోగశాలలో తయారైన వజ్రాలు. 1954లో అమెరికాలో ఇవి నిర్మితమైనవి. ఇవి గాజు కావు, అమెరికన్ డైమండ్ కావు. గుణంలో నిజమైన వజ్రాలే. భేదం పరికరాలకే తెలియును. వెల చాల తక్కువ, ఇటీవల మరింత పడిపోయినది. తెలిసి కొన్నచో తప్పులేదు, వేడుక తీరును. గని వజ్రమని నమ్మించి అమ్మినచో అది దోపిడి. తిరిగి అమ్ముకొనుటకు మాత్రం వీటిపై ఆశ పెట్టుకొనరాదు. ఆ మాటకు వస్తే గని వజ్రానికి కూడ కొన్న వెల తిరిగి రావడం అరుదు. వజ్రం బంగారం వంటి పొదుపు కాదు.

కాగితం విలువ తెలియవలెనన్న మన హైదరాబాదు చరిత్రనే చూడవచ్చును. 1891లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్‌కు జేకబ్ అను వర్తకుడు దక్షిణాఫ్రికా వజ్రమొకటి చూపినాడు. వెల 46 లక్షలన్నారు. 23 లక్షలు ముందుగా చెల్లించినారు. తీరా చూచిన తరువాత నిజాం వద్దన్నారు. ఆ డబ్బు ఏ షరతుపై ఇచ్చినది, తిరిగి ఇవ్వవలెనా వద్దా అన్న వివాదం కలకత్తా హైకోర్టు కెక్కినది. జేకబ్ నిర్దోషిగా విడుదలయినాడు, కాని వ్యాపారం చితికిపోయినది. వజ్రం చివరకు నిజాం వద్దనే మిగిలినది. ఏడవ నిజాం దానిని కాగితాలపై బరువుగా వాడినారని ప్రసిద్ధి. 1995లో భారత ప్రభుత్వం నిజాం ఆభరణాలతో పాటు దానిని కొన్నది. షరతు తేటగా లేకపోవుటచే నవాబే కోర్టుకెక్కవలసి వచ్చినప్పుడు, మా అమ్మ చిట్టీ సంగతి చెప్పనేల?

కనుక బిల్లులో ఉంగరం మొత్తం బరువు వేరుగా, రాళ్ళు తీసివేసిన బంగారపు బరువు వేరుగా ఉండవలెను. రాళ్ళ సంఖ్య, క్యారట్లలో తూకం, రంగు, నిర్మలత, గనివా ప్రయోగశాలవా అన్నది, మజూరీ, పన్ను విడివిడిగా వ్రాయించవలెను. హాల్‌మార్కు ముద్ర, దానితోపాటుండు ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య బంగారానికే పూచీ, రాయికి కాదు. ఒంటి రాయికి స్వతంత్ర ప్రయోగశాల పత్రం అడుగవలెను. పెక్కు రాళ్ళకు పత్రం సంఖ్యను నడుము అంచున సన్నగా చెక్కియుందురు. పది రెట్ల భూతద్దం అడిగి తీసికొని, రాతిమీది సంఖ్య, పత్రంమీది సంఖ్య ఒకటేనా అని మీరే సరిచూచుకొనవలెను. తిరిగి ఇచ్చినచో రాయికెంత, బంగారానికెంత ఇత్తురో అదే బిల్లుపై వ్రాయించవలెను. ఇవన్నియు అడిగినప్పుడు గుమాస్తా విసుగుకొనవచ్చును. విసుగుకొననిండు, డబ్బు చెల్లించుటకు ముందే అడుగవలెను.