జావాస్క్రిప్ట్‌తో టెలిగ్రామ్ బాట్: వరిలో జింకు లోపంపై సలహా సేవ రూపకల్పన

ఉపోద్ఘాతం

"వరి ఆకులపై తుప్పు రంగు మచ్చలు వచ్చాయి, ఏం కొట్టాలి?" అన్న సందేశానికి వెంటనే సమాధానం చెప్పడం సాధ్యం కాదు. అది జింకు లోపం కావచ్చు, గోధుమ మచ్చ తెగులు కూడా కావచ్చు. సలహా తప్పితే పిచికారీ ఖర్చు వృథా కావడమే గాక, సరిదిద్దుకోవలసిన అదను కూడా దాటిపోతుంది. కావున బాట్ రూపకల్పనలో ప్రోగ్రాము కంటే ముందుగా ప్రశ్నల క్రమాన్ని నిర్ణయించుకోవాలి.

ప్రశ్నల క్రమం

బాట్ మూడు ప్రశ్నలు అడగాలి. నాటి ఎన్ని వారాలైంది? మచ్చలు ఆకుపై ఏ భాగంలో ఉన్నాయి? మొక్కలు గిడసబారాయా? నాటిన 2–4 వారాల దశలో, ముదురు ఆకులలో మధ్య ఈనెకు ఇరుప్రక్కల తుప్పు రంగు కనబడి, మొక్కలు గిడసబారి ఉంటేనే జింకు లోపంగా భావించాలి. అప్పుడు లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ చొప్పున 5 రోజుల వ్యవధిలో 2–3 సార్లు పిచికారీ చేయవలసిందిగా సూచించాలి. ఏ ఒక్క సమాధానం సరిపోకపోయినా మోతాదు చెప్పకుండా ప్రశ్నను శాస్త్రవేత్తకు పంపాలి.

నిర్మాణ విధానం

1. టెలిగ్రామ్‌లోని బాట్‌ఫాదర్ ద్వారా బాట్‌ను నమోదు చేసి టోకెన్ పొందాలి. టోకెన్ ఇతరుల చేతికి చిక్కితే బాట్ పేరుతో వారే రైతులకు సందేశాలు పంపగలరు. అందువలన దానిని ప్రోగ్రాములో వ్రాయక, సర్వరు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉంచాలి.

2. నోడ్ 18 నుండి ఫెచ్ అంతర్భాగమైనందున, గెట్‌అప్‌డేట్స్ పద్ధతిలో సందేశాలు తెచ్చుకోవడానికి వేరే లైబ్రరీ అవసరం లేదు. ప్రతిసారీ చివరి అప్‌డేట్ సంఖ్యకు 1 కలిపి ఆఫ్‌సెట్‌గా పంపాలి. లేనిచో పాత సందేశాలే మళ్లీ వస్తాయి. తీసుకోని సందేశాలు టెలిగ్రామ్ సర్వరులో 24 గంటలకు మించి నిలువ ఉండవు.

3. రైతులు తెలుగు మాటలను రోమన్ లిపిలోనూ టైపు చేస్తారు. కనుక సమాధానాలను బటన్ల రూపంలో ఇవ్వడం మేలు. బటన్ వెనుక పంపే సమాచారం 64 బైట్లకు మించరాదు. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు పడుతాయి; అనగా 21 సంకేతాలకే పరిమితి ముగుస్తుంది. "వరి" అన్న పదానికి జావాస్క్రిప్ట్ లెంగ్త్ 3 అని చూపినా, అది 9 బైట్లు. బటన్‌పై తెలుగు మాట, వెనుక చిన్న అంకె ఉంచితే ఈ చిక్కు తొలగుతుంది.

4. ఏ రైతు ఏ ప్రశ్న వద్ద ఉన్నదీ చాట్ సంఖ్య ఆధారంగా డేటాబేసులో భద్రపరచాలి. మెమరీలో మాత్రమే ఉంచితే, సర్వరు పునఃప్రారంభమైనపుడు సంభాషణ మధ్యలోనే తెగిపోతుంది.

ముగింపు

బాట్‌ను రైతులకు అందించే ముందు, క్షేత్రస్థాయిలో వచ్చిన పాత ప్రశ్నలతో పరీక్షించాలి. ఎన్నింటికి జవాబిచ్చిందన్న దానితో పాటు, జవాబివ్వకూడని చోట ఆగిందా లేదా అన్నది తప్పక పరిశీలించాలి. ఆగిన ప్రతిచోట కిసాన్ కాల్ సెంటర్ సంఖ్య 1800-180-1551 కూడా చూపితే, శాస్త్రవేత్త స్పందించేలోగా రైతుకు మరొక దారి ఉంటుంది.